రెండు పేర్ల ఏరు

నలభై ఏళ్ల క్రిందటి మాట. దేవరకొండ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితునిగా ఉన్నాను. సాంఘిక శాస్త్రం చెప్పే మిత్రుడు దీర్ఘకాలిక సెలవు పెట్టడం వల్ల ఆ తరగతులు కొంతకాలం నా నెత్తిన పడ్డాయి. ఒక పరీక్షలో “మన జిల్లాలో ప్రవహించు నదులను పేర్కొనుము” అన్న ప్రశ్న ఇచ్చాను. కృష్ణ, మూసీ, ఆలేరు, పాలేరు, హాలియా, డిండి అని అందరూ వ్రాశారు. ఒక్క పిల్లవాడు మాత్రం డిండికి బదులు “దుందుభి” అని వ్రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టివేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తరగతిలో వాణ్ణి నిలబెట్టి, దుందుభి అనగా వాలి చేతిలో చచ్చిన రాక్షసుడనీ, వాడి కళేబరాన్ని వాలి విసిరివేయగా నెత్తుటి చుక్కలు మతంగ మహర్షి ఆశ్రమంలో పడ్డాయనీ కిష్కింధాకాండ కథ యావత్తూ చెప్పి, “ఆ రాక్షసుడు మన జిల్లాకు ఎప్పుడు వచ్చాడురా?” అని పరిహాసం చేశాను. అందరూ నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. “దుందుభి డిండికే వస్తది సారూ. మా అమ్మమ్మోళ్ల ఊరి మీదికెల్లే పోతది” అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు కల్వకుర్తి పక్కన రఘుపతిపేటకు ఒక పెండ్లికి వెళ్లాను. ఊరి దగ్గర వెడల్పాటి ఇసుక వాగు. దీని పేరేమిటని అడిగితే దుందుభి అన్నారు. ఎక్కడికి పోతుందని అడిగితే డిండికి అన్నారు. నాకు కొట్టివేసిన ఆ ఎర్ర గీత గుర్తుకు వచ్చింది.

ఇంతకూ విషయమేమంటే, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో దుందుభి అనీ, నల్లగొండ జిల్లాలో డిండి అనీ పిలువబడేది ఒకటే ఏరు. రెండు పేర్లు ఉండడం వింత కాదు. కాని ఈ రెండు పేర్ల మధ్య ఏరు రెండు ముక్కలైంది. పాలమూరు వారికి అది డిండి జలాశయం దగ్గర ముగిసిపోతుంది. నల్లగొండ వారికి అదే జలాశయం దగ్గర మొదలవుతుంది. మొత్తం ఏటిని తమదిగా తలచిన వారు తక్కువ. దాని చరిత్రలో జరిగిన నష్టాలకు ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

పేరు సంగతి ముందు చూద్దాం. సంస్కృతంలో దుందుభి అంటే పెద్ద భేరి. షష్టి సంవత్సరాలలో ఒకదాని పేరు కూడా అదే. పండితులకు ఒక దురభ్యాసం కలదు. పల్లె నోట నలిగే ప్రతి చిన్న పేరు వెనుకా ఒక పురాణ పురుషుణ్ణి నిలబెట్టందే వారికి తృప్తి ఉండదు. మూసీని ముచుకుంద మహర్షికి ముడివేసి ముచుకుందా నది అన్నాం. ఆ పద్ధతిలోనే డిండి దుందుభి అయిందని మొదట్లో నేనూ తీర్మానించుకున్నాను. ఇప్పుడు ఆ తీర్మానం మీద నాకంత పట్టుదల లేదు. ఎగువ ఊళ్లలో అక్షరం ముక్క రాని ముసలివారు సైతం దుందుభి అనే అంటారు. పండితుడు కల్పించిన పేరు పశుల కాపరి నోట అంత సహజంగా పలకదు. ఎండిన వాగులోకి ఎగువ వాన తాలూకు తొలి వరద దిగుతున్నప్పుడు నీరు కంటబడక మునుపే దాని మోత చెవిని పడుతుంది. భేరి అనడానికి ఆ మోత చాలునేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఈ ఏరు షాద్‌నగర్, షాబాదు ప్రాంతపు మెట్టల్లో పుడుతుంది. ఆ మెట్టలు సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడి నుండి జడ్చర్ల, మిడ్జిల్ ప్రాంతాల మీదుగా దక్షిణానికి, ఆగ్నేయానికి వంగుతూ కల్వకుర్తి, తాడూరు, తెలకపల్లి, వంగూరు, ఉప్పునుంతల మండలాల పొలిమేరలను ఒరుసుకుంటూ డిండికి చేరుతుంది. జలాశయం దాటిన తర్వాత దాని స్వరూపమే మారిపోతుంది. కుడి వైపున నల్లమల అంచు, అమ్రాబాదు పీఠభూమి. ఎడమ వైపున దేవరకొండ, చందంపేట గుట్టలు. ఆ నడుమ లోతైన దారి చేసుకొని ఏలేశ్వరం ప్రాంతంలో కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమ స్థలం నేడు నాగార్జునసాగర్ నీటి అడుగున ఉంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అనగా 180 మీటర్లు. పుట్టిన చోటికీ కలిసిన చోటికీ నడుమ నాలుగు వందల మీటర్లకు పైబడిన దిగుడు ఉన్నదన్నమాట. చిన్న ఏటికి ఇది తక్కువ దిగుడు కాదు. వాన కురిస్తే నీరు నిలవదు, పరుగెడుతుంది. కురిసేదైనా ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు, అదీ నాలుగు నెలల్లో.

ఎగువ లోయ అంతా గ్రానైటు, నైస్ రాళ్ల నేల. ఎక్కడ చూసినా గుండ్లు, బోళ్లు, మధ్యమధ్య ఎర్రని చలక, అక్కడక్కడ నల్లరేగడి. గ్రానైటు అరిగితే వచ్చేది గరుకైన ఇసుక. ఇక్కడి చరిత్ర యావత్తూ ఈ ఇసుక మీద ఆధారపడి ఉంది. దుందుభి జీవనది కాదు. కార్తికం దాటితే పైకి నీరు కనబడదు. కాని పూర్వం ఎవరూ దానిని ఎండిన వాగు అనేవారు కాదు. ఎందుకంటే నీరు ఇసుకలో ఉండేది. నాలుగైదు మూరల లోతున్న ఇసుక పొర ఒక జలాశయం వంటిది. ఎండ దానిని తాకదు, కనుక ఆవిరి కాదు. వేసవిలో చేత్తో తవ్వితే చెలిమె ఊరేది. ఆడవారు తెల్లవారుజామున చెలిమె దగ్గర కూర్చొని గిన్నెతో నీరు ముంచి బిందె నింపుకొనేవారు. ముంచినంతసేపూ ఊరుతూనే ఉండేది. ఒడ్డున ఉన్న మోట బావులకు కూడా ఊట ఆ ఇసుకలో నుండే వచ్చేది. పైకి పారకపోయినా లోపల ఏరు పారుతూనే ఉండేది.

పైకి పారే నీటిని పట్టడానికి మన పూర్వులు చేసిన ఏర్పాటు వేరు. చిన్న వాగులకు అడ్డంగా రాతి కత్వలు కట్టి నీటిని చెరువులకు మళ్లించారు. చెరువు నిండితే మత్తడి దూకి దిగువ చెరువుకు, అది నిండితే ఇంకా దిగువకు పోయేది. అన్నీ నిండిన తర్వాతనే మిగులు నీరు దుందుభిలో పడేది. దీనినే గొలుసుకట్టు చెరువులు అంటారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారించాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. ఆయకట్టు రైతులు పంటలో కొంత వానికి ఇచ్చేవారు. ఇందులో నన్ను ఆకర్షించే విషయం ఒకటుంది. వాన తక్కువైన ఏడు ఎగువ వాడు పూర్తిగా వాడుకొంటే దిగువ వానికి చుక్క రాదు. కనుక మత్తడి ఎత్తు మీద ఊళ్ల మధ్య తగాదాలు వచ్చేవి. రాత్రికి రాత్రి మత్తడి మీద రాళ్లు పేర్చి ఎత్తు పెంచడం, మరునాడు దిగువ వాళ్లు వచ్చి దానిని తీసివేయడం నేను చిన్నతనంలో చూశాను. నేడు రెండు రాష్ట్రాలు కృష్ణ మీద చేస్తున్న వాదం చూస్తే నాకు ఆ మత్తడే గుర్తుకు వస్తుంది.

రాజుల సంగతి సంక్షేపంగా చెబుతాను. ఎగువ లోయలో జడ్చర్ల దగ్గరి అల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది. ఇటుకలతో ఎత్తుగా కట్టిన జైనాలయం. రాయికి కొదువ లేని సీమలో ఇటుకతో కట్టడం విశేషం. ఆ పక్కనే గంగాపురంలో చెన్నకేశవాలయం, కల్యాణి చాళుక్యుల కాలపు శాసనాలు ఉన్నాయి. తర్వాత ఈ భూములను కందూరు చోడులు ఏలారు. పానుగల్లు వారి నగరాల్లో ఒకటి, వర్ధమానపురం మరొకటి. అంటే నల్లగొండ, పాలమూరు సీమలు రెండూ వారి చేతిలో ఒకే రాజ్యంగా ఉండేవి. 1163 నాటి హనుమకొండ వేయి స్తంభాల గుడి శాసనంలో కాకతి రుద్రదేవుడు కందూరు భీమచోడుణ్ణి పారద్రోలిన వర్ణన కలదు. కాకతీయుల అనంతరం రేచెర్ల వెలమ ప్రభువులు రాచకొండ, దేవరకొండ రాజధానులుగా రెండు శాఖలై పాలించారు. ఏడు కొండలను చుట్టిన దేవరకొండ దుర్గం డిండి లోయకు ఉత్తరాన కావలి కాస్తున్నట్లు ఉంటుంది. ఈ శాసనాల విషయంలో నల్లగొండకు బి.ఎన్. శాస్త్రి గారు, పాలమూరుకు కపిలవాయి లింగమూర్తి గారు చేసిన సేవ లేకపోతే నావంటి వారికి ఈ నాలుగు ముక్కలు కూడా తెలిసేవి కావు. లింగమూర్తి గారు నల్లమల అంచున బల్మూరు మండలం జినుకుంటలో పుట్టారు. 2018లో తొంభై ఏళ్ల వయసులో గతించారు. ఒకరు ఒక జిల్లాను, మరొకరు ఒక జిల్లాను పట్టుకోవడంతో నడుమనున్న ఏరు ఇద్దరి పుస్తకాల్లోనూ అంచునే నిలిచిపోయింది.

ఏలేశ్వరం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఏటి చివర, కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండకు ఎగువన ఉండిన ప్రాచీన క్షేత్రం అది. బ్రాహ్మణ శాఖా భేదాల కథల్లో వినవచ్చే ఏలేశ్వరోపాధ్యాయుల పేరు ఈ ఊరి పేరే. కాకతీయుల నాటికి గొప్ప శైవ క్షేత్రం. సాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన తర్వాత, మునిగిపోయే లోగా ఇక్కడ ఏముందో చూడాలని పురావస్తు శాఖ వారు తవ్వకాలు జరిపారు. రాక్షస గుళ్లు అని మనం పిలిచే బృహచ్ఛిలా సమాధులు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు, స్నాన ఘట్టం బయటపడ్డాయి. మధ్యయుగపు ఆలయాలు సరేసరి. ఒకే చోట రెండు వేల ఏళ్లకు పైబడిన జనావాసం పొరలు పొరలుగా దొరికింది. అబ్దుల్ వహీద్ ఖాన్ గారు ఆ తవ్వకాల మీద వ్రాసిన గ్రంథం 1963లో వెలువడింది. దొరికిన వస్తువుల్లో కొన్ని హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని ఏలేశ్వరం పెవిలియన్‌కు చేరాయి. నాగార్జునకొండ పేరు ప్రపంచమంతా ఎరుగును. దాని ద్వీపానికి పడవలు, మ్యూజియం, యాత్రికులు ఉన్నారు. అదే నీటిలో మునిగిన ఏలేశ్వరాన్ని తలచుకునే వారు ఎందరు? గట్టు మీది మల్లయ్య స్వామి మాత్రం నీటి మధ్య మిగిలాడు. శివరాత్రికి జనం పడవల మీద వెళ్లి దర్శించుకొని వస్తారు.

డిండి జలాశయం అంతకు ముందటిది. 1943 నాటికి నిజాం ప్రభుత్వం వారు గుండ్లపల్లి దగ్గర ఏటికి అడ్డంగా కట్టించారు. సుమారు 2.4 టి.ఎం.సి.ల నీరు నిలిచేట్లు, పన్నెండు వేల ఎకరాలకు పైబడిన భూమి పారేట్లు చేసిన ఏర్పాటు. ఆ రోజుల్లో అది ఈ మెట్ట సీమకు పెద్ద సంగతే. ఊరి పేరు గుండ్లపల్లి అయినా కట్ట పేరే ఊరికి అంటుకొని క్రమంగా మండలం పేరు కూడా డిండి అయింది. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారి ఇక్కడే ఏటిని దాటుతుంది. తెలుగునాట ఎన్నో లక్షల మంది బస్సు కిటికీలో నుండి ఈ నీటిని చూసి ఉంటారు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరానికి కాలినడకన పోయిన పూర్వపు యాత్రికులు కూడా ఈ లోయలను దాటే పోయారు. వారికి ఏరు దాటడం ప్రయాణంలో ఒక ఘట్టం. మనకు రెండు నిమిషాల దృశ్యం.

జలాశయం కట్టినప్పుడు లెక్క వేసిన నీరు ఎగువ నుండి రావాలి. అక్కడే కథ అడ్డం తిరిగింది. 1970ల తర్వాత మోట పోయి కరెంటు మోటారు వచ్చింది. తర్వాత బోరు వచ్చింది. బావి ముప్పై అడుగుల్లో ఊటను తీసుకుంటే బోరు రాతి పగుళ్లలో రెండు మూడు వందల అడుగుల నీటిని తోడింది. నీరటి వ్యవస్థ చెదిరిపోయింది. చెరువులు పూడికతో నిండాయి, షికం భూములు దున్నకాలకు పోయాయి. ఆ తర్వాత హైదరాబాదు పెరిగింది. మహానగరానికి ఇసుక కావాలి. దుందుభి ఇసుక మంచిదన్న పేరు ఆ ఏటికి శాపమైంది. లారీలు, ట్రాక్టర్లు రాత్రింబగళ్లు వాగులో దిగాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో చేసిన ‘వాల్టా’ చట్టం పుస్తకంలో బాగానే ఉంది. ఇసుక పోతే ఏమవుతుంది? అడుగున రాతి పరుపు బయటపడుతుంది. వరద వచ్చినా నిలువ ఉండడానికి చోటు లేక జారిపోతుంది. ఒడ్డు బావుల ఊట తెగిపోతుంది. చెలిమె అనే మాట నేడు ఆ ఊళ్ల పిల్లలకు అర్థం చెప్పవలసి వస్తున్నది. పదవీ విరమణకు ముందు ఒక తరగతిలో ఆ మాటకు అర్థం అడిగితే “చెలిమి అంటే స్నేహం సార్” అన్నారు. పాపం, నిఘంటువు ప్రకారం దగ్గరి మాటే.

ఊట పోయిన తర్వాత మనిషి కదిలాడు. పాలమూరు కూలీలు అన్న మాట దేశమంతటా వినబడే మాట. ఆనకట్టలు, కాలువలు, రహదారులు ఎక్కడ కట్టినా మట్టి పనికి ఈ సీమ వాళ్లే. తమ ఊళ్లో తాగడానికి నీరు లేని వారు ఇతరుల కాలువలు తవ్వి పారించారు. మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకొని, ఇంటిల్లిపాదీ కదిలి, మళ్లీ పెద్ద పండుగకో పీర్ల పండుగకో వచ్చేవారు. ఇంట్లో ముసలివారూ కుక్కలూ మిగిలేవి. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న ఎండిపోయిన వాగును గురించి కట్టిన పాట తెలంగాణ అంతటా మారుమ్రోగింది. ఆయనకు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పాటను నేను తెలుగు పాఠంగా చెప్పే భాగ్యం కలుగలేదు గాని, వాగు ఎండడం అంటే ఏమిటో చెప్పడానికి దానికి మించిన భూగోళ పాఠం లేదని నమ్ముతాను.

ఇక ఇటీవలి సంగతి. శ్రీశైలం జలాశయం వెనుక నీటి నుండి కొల్లాపురం దగ్గరి ఎల్లూరులో మొదలుపెట్టి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మరి రెండు మెట్ల మీద కృష్ణ నీటిని ఎత్తి పోసే కల్వకుర్తి పథకం గత దశాబ్దంలో ఈ లోయకు నీరు తెచ్చింది. కాలువల మిగులు, వదలిన నీరు దుందుభిలో పడుతున్నది. ఏటి మీద కట్టిన చెక్‌డ్యాములు నిండుతున్నాయి. 2015లో శంకుస్థాపన జరిగిన డిండి ఎత్తిపోతల పథకం ఉద్దేశం కూడా కృష్ణ నీటినే తెచ్చి మునుగోడు, దేవరకొండ వైపు ఫ్లోరైడు పీడిత గ్రామాలకు ఇవ్వాలని. అది ఇంకా పూర్తి కాలేదు. పల్లం వైపు పోవలసిన ఏటికి పల్లం నుండే నీరు రావడం చూస్తే నాకు వింతగా ఉంటుంది. సంతోషించనా అంటే సంతోషమే. వరి పండుతున్నది, బొంబాయికి పోయిన కుటుంబాలు కొన్ని తిరిగి వచ్చాయి. కాని మీట నొక్కితే వచ్చే నీరు మీట నొక్కితే ఆగుతుంది. కరెంటు ఖర్చు, శ్రీశైలంలో మట్టం, రెండు రాష్ట్రాల తగాదా, వీటిలో ఏది అడ్డం వచ్చినా అంతే. ఇసుక ఊటకు అవేమీ అడ్డం రావు. పైగా పంప్ నీరు వస్తున్నది కదా అని ఇసుక తీయడం మానినవారు ఎవరూ లేరు.

ఏటికి తన నీరు పూర్తిగా పోలేదని గుర్తు చేయడానికన్నట్లు 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. అచ్చంపేట, ఉప్పునుంతల ప్రాంతంలో కుంభవృష్టి. డిండి పొంగి హైదరాబాదు–శ్రీశైలం రహదారి తెగి రాకపోకలు నిలిచిపోయాయి. బస్సు కిటికీలో నుండి రెండు నిమిషాల దృశ్యంగా చూసే వారందరూ ఆనాడు దిగి నిలబడి చూశారు.

అంతకు ముందటి చైత్రంలో మళ్లీ ఒకసారి రఘుపతిపేట వెళ్లాను. మునుపు పెండ్లినాడు చూసిన చోటే. ఎండాకాలం, అయినా వాగులో మోకాటి లోతు నీరు. చెక్‌డ్యాము మీద ఒక పెద్దమనిషి కూర్చొని గొర్రెలకు నీళ్లు తాగిస్తున్నాడు. “ఏం పెద్దయ్యా, ఈ యేడు వాగు ఎండలేదా?” అని అడిగాను.

“ఇవి వాగు నీళ్లు గావు సారూ. కిష్ణ నీళ్లు. మోటర్లు పెట్టి ఎక్కిచ్చిండ్రు.”

“ఇక్కడి నుండి ఎటు పోతాయి?”

“యాడికి పోతయి? డిండికి. ఆడికెల్లి మల్ల కిష్ణకే” అని, గొర్రెలను అదిలించుకుంటూ లేచాడు.